పెద్దమ్మ దాచిన ఆరో సీడీ

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఖమ్మంలో నా ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాను. చెప్పింది నేను ఒకప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో మందుల గది చూసే పాత మనిషి. "రాత్రి పోయింది బిడ్డా. ఇయ్యాల మూడు గంటలకు మట్టి. వస్తవా?" అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆమె ముఖం గుర్తు తెచ్చుకోబోతే ముఖం రాలేదు, చెయ్యి వచ్చింది. అరచెయ్యి ఎదుటి మనిషి వైపు తిప్పి, భుజం ఎత్తున నిలిపి, ఆగమని చెప్పే చెయ్యి. దానికి డాక్టర్లు ఆగేవారు, నర్సులు ఆగేవారు. ఒకసారి నన్ను కూడా ఆపబోయింది. నేను ఆగలేదు. బస్సు ఎక్కినప్పటి నుంచి అదే తలుచుకుంటూ కూర్చున్నాను.

భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ మిషన్ ఆసుపత్రి. ఇరవై ఏళ్ళ వయసులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. సీడీల కాలం అది. సెల్‌ఫోన్ డాక్టరు దగ్గర ఒక్కటే ఉండేది, దానికీ నీళ్ళ ట్యాంకు ఎక్కితే గానీ సిగ్నల్ దొరికేది కాదు. అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆమెకు అప్పటికే యాభై దాటాయి. రిజిస్టరులో ఆమె ఉద్యోగం ఆయా. చేసే పని మాత్రం మాటలు దాటించడం. లోపలి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి కోయ భాష తప్ప రాదు. మా డాక్టరుగారిది కృష్ణా జిల్లా తెలుగు. కోయ ఇంట్లో పుట్టి, మిషన్ హాస్టల్లో పదో తరగతి దాకా చదువుకున్న ఈమె వాళ్ళిద్దరి మధ్య కూర్చునేది.

కూర్చోవడమంటే బోర్లించిన బకెట్ మీద. రోగి తల కంటే తన తల కిందికి ఉండాలి, అది ఆమె నియమం. జ్వరం ఎన్నాళ్ళ నుంచో అడగండి అని డాక్టరు అంటే ఆ ముక్క మాత్రం అడగదు. మీ ఊళ్ళో ఇప్పచెట్లు పూతకొచ్చాయా, ఎలుగుబంటి ఇంకా తిరుగుతోందా, ఇలా మొదలుపెడుతుంది. డాక్టరు గడియారం చూసుకుంటాడు. చెయ్యి లేస్తుంది. ఆయన ఆగుతాడు. చివరికి కుడి చెవి తమ్మెను రెండు వేళ్ళతో నలుపుకుంటూ తెలుగులోకి వస్తుంది. "నలభై రోజులైతుంది సారూ. చిక్కుడుకాయ పండుగ అయిన తెల్లారికెళ్ళి." ఆ లెక్క ఎన్నడూ తప్పగా నేను చూడలేదు.

"నేను రెండు ముక్కలు చెబితే మీరు పావుగంట మాట్లాడతారు. ఆవిడ పావుగంట ఏడిస్తే మీరు రెండు ముక్కలు చెబుతారు. మిగిలిందంతా ఎక్కడికి పోతోందండీ?" అని డాక్టరు ఒకరోజు విసుక్కున్నాడు.

"నా కడుపుల ఉంటది సారూ, ఏడికి పోతది," అంది.

చెడ్డ కబురు ఆమె ఎప్పుడూ ఒక్కసారిగా చెప్పేది కాదు. కాలు తీసేయాల్సిన ఒక ముసలాయనకు మొదటి రోజు కాలు బాగాలేదని చెప్పింది. రెండో రోజు మందు ఆ కాలి దాకా పోవడం లేదని చెప్పింది. మూడో రోజు ఆయనే, "తీసేస్తరా?" అని అడిగాడు. అప్పుడు తలూపింది. నాకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. నాది స్లైడు చదువు. క్రిమి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మనుషులకు నిజం తెలుసుకునే హక్కు ఉంటుందని ఎక్కడో చదివి, అది నేనే కనిపెట్టినంత గర్వంగా తిరుగుతుండేదాన్ని.

ఆడవాళ్ళ టీబీ వార్డులో ఒక టీవీ, సీడీ ప్లేయర్ ఉండేవి. కొన్ని నెలలు పనిచేసి వెళ్ళిపోయిన ఒక విదేశీ డాక్టరమ్మ తన దగ్గరున్న ఆరు సీడీలు పెద్దమ్మ చేతిలో పెట్టి పోయింది. జపాను బొమ్మల సీరియల్ అది, మేము చూడటానికి చాలా ఏళ్ళ ముందెప్పుడో తీసింది. అట్ట మీద అన్నీ జపాను అక్షరాలే, పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి. పెద్దమ్మ ముందుగా తనొక్కతే ఆరూ చూసిందట, బొమ్మను ఆపి ఆపి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. టీవీ అద్దం కింది భాగమంతా ఆమె వేలిముద్రలే. ఆ తర్వాత వార్డుకు ఒక రూలు పెట్టింది. రోజు విడిచి రోజు మాత్రలు మింగాలి కదా, అందరూ మింగిన మధ్యాహ్నం ఒక భాగం చూపిస్తుంది. ఒక్కరు మింగకపోయినా టీవీ పెట్టదు.

"అక్షరాలు జల్దీ పోతున్నయ్ బిడ్డా, నాకు అందుతలేవు. జర నువ్వు చదువు," అని నన్ను కూర్చోబెట్టింది. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెబితే ఆమె కోయలో చెప్పేది. నా ఒక్క వాక్యం ఆమె నోట్లో పది వాక్యాలయ్యేది. ఒక్కోసారి నా పది వాక్యాలకు ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది.

కథ ఇది. బడికి రోజూ ఆలస్యంగా పోయే ఒక పిల్ల, ఊళ్ళోని పాత గడియారం మేడ మెట్లెక్కి పైన తలుపు తీస్తే, అవతల ఆకాశంలో పిట్ట మనుషుల రాజ్యం ఉంటుంది. అక్కడ ఒక రాజకుమారుడు. వాడికి శాపం. నిజం చెప్పిన ప్రతిసారీ రెక్కల నుంచి ఒక ఈక రాలుతుంది. ఆఖరి ఈక రాలితే గాలైపోతాడు. అందుకని వాడు నోరు తెరిస్తే అబద్ధం. వార్డు వాళ్ళు ఆ పిల్లకు ఉరుకుల పిల్ల అని, వాడికి ఈకల పిలగాడు అని పేర్లు పెట్టుకున్నారు. ముఖాలకు తొడుక్కునే బొమ్మలు అమ్ముతూ అందరి గుట్టూ అందరికీ మోసే ముసలమ్మ ఒకతె ఉండేది. ఆమె కనిపించగానే ప్రతి మంచం నుంచీ తిట్లు లేచేవి. మొదటి రోజు మాత్రం అందరికీ ఒకటే బెంగ, అంతంత పెద్ద కళ్ళేసుకుని ఆ పిల్లకు నిద్ర ఎట్లా పడుతుందని.

వాళ్ళు దానికి ఎందుకంత అతుక్కుపోయారో నాకు నాలుగో రోజుకు గానీ అర్థం కాలేదు. నువ్వంటే నాకు ఇష్టం లేదు, వెళ్ళిపో అంటాడు ఈకల పిలగాడు. వార్డంతా ఊపిరి బిగబట్టి వాడి రెక్కల వైపు చూస్తుంది. ఈక రాలదు. అంతే, చప్పట్లు. మాటలు ఏ భాషవైనా వాళ్ళకు పని లేదు, ఈక చూస్తే చాలు. ఆ పిల్ల కూడా ఏం తక్కువ తినలేదు. వాడితో నిజం చెప్పించకుండానే నిజం తెలుసుకోవడానికి నానా తిప్పలు పడేది, పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడేది, తింటూనే పరిగెత్తేది. వాడి నోటి వెంట పొరపాటున ఒక నిజం జారి ఈక రాలినప్పుడల్లా వార్డులో ఎవరో ఒకరు చెయ్యి చాపేవారు, అది నేల మీద పడకుండా పట్టుకుందామన్నట్టు. నేను కూడా ఒకసారి చాపాను, ఒప్పుకోవడానికి సిగ్గెందుకు.

కిటికీ పక్క మంచం జోగమ్మది. పందొమ్మిదేళ్ళుంటాయి. ముందటేడు మాత్రలు మధ్యలో మానేసి ఊరికి పోయి, రక్తం కక్కుకుంటూ తిరిగి వచ్చింది. ఇలాంటివాళ్ళకు ఇంజక్షన్లతో కలిపి రెండోసారి మొదలుపెడతారు. ఈసారి కూడా మధ్యలో ఆపితే ఆ తర్వాత పనిచేసే మందు మా దగ్గర లేదు. ఆమె తెమడ స్లైడు చూసేది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. క్రిములు ఎక్కువైన కొద్దీ ప్లస్సులు పెరుగుతాయి, చేరినప్పుడు ఆమెకు మూడు ప్లస్సులు. నెల దాటాక ఒకటి. ఆమెను తెచ్చి దించింది ఆమె మనసుపడ్డ పిల్లవాడు. మిర్చి ఏరడానికి పోయి, కల్లాలు అయ్యాక వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆమె కిటికీలోంచి గేటు వైపు చూస్తూ మాత్రలు మింగేది. ఈకల పిలగాడు మూడో సీడీ చివర తుపానులో కనపడకుండా పోయిన రోజు జోగమ్మ ఏదో గట్టిగా అంది. మిగతావాళ్ళు నాలుక కరుచుకున్నారు.

"ఒట్టు పెట్టుకుంది," అని పెద్దమ్మ నాకు చెప్పింది. "ఈకల పిలగాడు ఆఖరుకు ఆ పిల్లకాడికి వస్తే తనోడు వస్తడంట. రాకపోతే ఇగ ఈ మాత్రలు ఎందుకంటుంది."

నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు.

నాలుగో సీడీకి గీతలు పడ్డాయని చెప్పి పక్కన పెట్టి, ఆమె ఐదోది పెట్టింది. వాడు తుపానులోంచి బతికి బయటపడ్డాడని మధ్యలో సంగతి నోటితోనే చెప్పేసింది. ఐదోది అయిపోవస్తుండగా నాకు ఆత్రం ఆగలేదు. ఒక మధ్యాహ్నం ఆమె సొరుగు తీసి చూస్తే రెండు సీడీలు ఉన్నాయి. ఒకదాని మీద మార్కరుతో 'ఆఖరు' అని రాసి ఉంది. రెండోది పేపర్లో చుట్టి, కట్టుగుడ్డ పీలికతో ముడేసి ఉంది. రెండూ తీసుకుపోయి ఆఫీసు కంప్యూటర్లో చూశాను. 'ఆఖరు' అని రాసిన దాంట్లో మొదటి బొమ్మ మీదే పదమూడో భాగమని ఇంగ్లీషులో ఉంది. సీడీకి నాలుగు భాగాలు, అంటే గీతలు పడ్డాయన్న నాలుగో సీడీ అదే. తుపానులో పోయినవాడు వంతెన మీద ఉరుకుల పిల్లకు ఎదురొస్తాడు, ఇద్దరూ తడిసి ముద్దై నవ్వుతారు. పేపర్లో చుట్టిందే అసలు ఆఖరుది. అందులో వాడు ఆ పిల్లతో ఒకే ఒక్క నిజం చెబుతాడు, చివరి ఈక రాలుతుంది, మెట్ల మీద ఎవరూ ఉండరు.

రెండు సీడీలూ చేత్తో పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె పంపు దగ్గర తెమడ డబ్బాలు కడుగుతోంది.

"ఇదేంది పెద్దమ్మా? అసలు ఆఖరుల పిలగాడు పోతడు."

"అవ్."

"నీకు ఎర్కేనా?"

"నీకంటె ముందుగాల జూసిన గద."

"మరి అబద్ధం గాదా ఇది?"

"నాకే ఈకలుంటే ఒక్కటి గూడ రాలకపోవు బిడ్డా," అంది. తర్వాత చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించింది. "జోగమ్మ పిలగాడు రాడు. మొన్న సంతల వాళ్ళ ఊరోళ్ళు చెప్పిండ్రు. మిర్చికి పోయిన కాడ్నే ఇంకో పిల్లతోటి ఉంటుండంట. ఇప్పుడు చెప్తే ఏమైతది?"

"మాత్రలు మానేస్తది."

"ఇంజక్షన్లు ఇంకెన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిదీ కానియ్యి. అయినంక చెప్త. కొంచెం కొంచెం చెప్త."

"ఐదో దాంట్ల వాడికి మూడే ఈకలున్నయ్. నువ్వు ఆఖరు అని రాసిన దాంట్ల తొమ్మిది ఈకలున్నయ్. పిల్ల లెక్కపెట్టదా?"

"సూద్దాం," అని మళ్ళీ డబ్బాల మీదికి వంగింది.

ఆ సూద్దాం అన్న మాటే నన్ను రెచ్చగొట్టింది. మర్నాడు పొద్దున తెమడ డబ్బాలు తీసుకోవడానికి వార్డులోకి పోయాను. జోగమ్మ తల దువ్వుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని కూర్చుంది. సంతలో నేర్చిన తెలుగులో, "రేపు ఆఖరు. వస్తడు," అని గేటు వైపు చూపించింది. నాకు ఆ ముఖం చూస్తే కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆమెను అట్లా కూర్చోబెట్టిన పెద్దమ్మ మీద. ఆ చివరి మంచం దగ్గర నుంచి పెద్దమ్మ నన్ను చూసింది. చెయ్యి లేచింది.

"రాడు," అన్నాను. "ఆ పిలగాడు గాలిల కలుస్తడు. ఆఖరు సీడీ వేరే ఉంది. నేను చూసిన."

నేను చెప్పింది బొమ్మ గురించే. కానీ ఆమెకు ఆ రెండూ ఒకటేనని నాకు తెలుసు. తెలిసే అన్నాను. పెద్దమ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

మాత్రల రోజున జోగమ్మ ఏడు మాత్రలూ స్టీలు పళ్ళెంలోకి తిరిగి పోసి గోడ వైపు తిరిగింది. ఇంజక్షనుకు చెయ్యి ఇవ్వలేదు. టీవీ పెట్టలేదు. తర్వాతి మాత్రల రోజు కూడా అంతే. మంచం కింద గుడ్డల మూట కట్టి ఉంది. బయట ఇప్పపువ్వు రాలుతోంది, దాని కోసం అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు చెప్పకుండా ఇళ్ళకు పోయారు. ఆమె స్లైడులో ఆ ఒక్క ప్లస్సు ఇంకా అలాగే ఉంది. గేటు చప్పుడైతే ల్యాబులోంచి బయటికి పరిగెత్తేదాన్ని.

"ఇలాగే మానేస్తే చచ్చిపోతావని చెప్పండి. సూటిగా చెప్పండి," అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. "ఇయ్యాల నా మాట ఇనదు సారూ. అబద్ధాలాడిన నోరిది." నా పేరు మాత్రం ఆయన దగ్గర ఎత్తలేదు. ఒక్క మాట అని ఉంటే నా ప్రాణం తేలికపడేది. అనలేదు.

మూడో మాత్రల రోజు మధ్యాహ్నం ఆమె ఆ పేపరు పొట్లం తెచ్చి, జోగమ్మ కళ్ళ ముందే ముడి విప్పింది. బకెట్ బోర్లించి కూర్చుంది. "చదువు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చదువు," అంది నాతో. చదివాను. నేను ఒక వాక్యం చెబితే ఆమె ఒక వాక్యం చెప్పింది. అన్నాళ్ళలో ఆమె కోయ నా తెలుగంత పొడుగే ఉండటం అదే మొదటిసారి. ఈకల పిలగాడు నిజం చెప్పాడు. ఈక రాలింది. ఈసారి ఎవరూ చెయ్యి చాపలేదు. ఉరుకుల పిల్ల ఒక్కతే మెట్లు దిగిపోయింది. జపాను అక్షరాలు పైకి పోతున్నాయి.

జోగమ్మ మంచం మీద లేచి కూర్చుంది. నుదురు చిట్లించి ఏదో అంది. పెద్దమ్మ మళ్ళీ చెప్పమంది. ఆమె మళ్ళీ అంది, ఇంత తెలియదా అన్నట్టు.

"ఏమంటుంది?" అన్నాను.

"నెమలికి ఏటా రాలుతయ్, ఏటా మొలుస్తయ్ అంటుంది. రాలినప్పుడు ఎగురలేదు గద, పొదల్ల దాక్కుంటదంట. కనపడదంట. గంత మాత్రానికే పోయినట్టా అంటుంది." పెద్దమ్మ నా వైపు తిరిగింది. "వంతెన సీడీ పెట్టమంటుంది."

పెట్టాను. వంతెన మీద వాడు ఎదురొచ్చాడు. జోగమ్మ మంచం దిగి టీవీ దగ్గరికి పోయింది. పెద్దమ్మ వేలిముద్రల పక్కనే తన వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. నా వైపు తిరిగి తెలుగులో, "మొలిచినయ్," అంది. సీడీల వరుస తప్పుగా పెట్టింది మేమేనని, వంతెనదే ఆఖరుదని ఆమె గట్టి నమ్మకం. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

జోగమ్మ మాత్రం నవ్వలేదు. పెద్దమ్మ ఎదుట నేల మీద కూర్చుని ఒక చిన్న ప్రశ్న అడిగింది. అందులో ఆ పిల్లవాడి పేరు ఉంది కాబట్టి నాకు ఎవరూ తెలుగు చెప్పనక్కర్లేకపోయింది. పెద్దమ్మ చెవి తమ్మె ముట్టుకోలేదు, ఇప్పచెట్ల సంగతి ఎత్తలేదు. రెండు మాటల్లో చెప్పేసింది. చెడ్డ కబురు ఆమె ఒక్కసారిగా చెప్పేయడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నేను తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. జోగమ్మ పళ్ళెంలోని మాత్రల వైపు చూసింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. చేత్తో ఏదో దారి చూపించింది, టీవీ వైపు చూపించింది, ఒకసారి నా వైపు కూడా చూపించింది. ఎంతసేపు చెప్పిందో. పెద్దమ్మ కదలకుండా అంతా విన్నది.

"ఏమంది పెద్దమ్మా?"

పెద్దమ్మ కుడి చెవి తమ్మె రెండు వేళ్ళతో నలుపుకుంది.

"నీళ్ళడుగుతుంది," అంది.

కుండ దగ్గరికి పరిగెత్తాను. గ్లాసు సగం దారిలోనే ఒలికింది, మళ్ళీ నింపుకుని తెచ్చాను. జోగమ్మ ఏడు మాత్రలూ ఒక్కొక్కటే మింగి, గ్లాసు నాకే ఇచ్చి, ఇంజక్షనుకు చెయ్యి చాపింది. ఆ తర్వాత ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. వానలు పడే నాటికి మూడు స్లైడులు వరసగా శుభ్రంగా వచ్చాయి. మూట సంకలో పెట్టుకుని, గేటు దాటేటప్పుడు కొంగులో కట్టిన మిగతా మాత్రలు తడిమి చూసుకుని వెళ్ళిపోయింది.

పెద్దమ్మకు క్షమాపణ చెప్పాను. "నీ తప్పు సగం, నాది సగం," అని ఊరుకుంది. మరుసటి ఏడు నేను ఖమ్మం వచ్చేసే రోజున, సామాను ఆటోలో పెట్టాక, అడగలేక అడగలేక అడిగాను. "జోగమ్మ ఆ రోజు అంతసేపు ఏం చెప్పింది పెద్దమ్మా? నన్ను గూడ చూపించింది గద."

ఆమె అరచెయ్యి నా వైపు తిప్పి భుజం దాకా ఎత్తింది. ఈసారి ఆగాను. చెప్పే రోజు వస్తుందని, కొంచెం కొంచెంగానైనా చెబుతుందని ఇన్నేళ్ళు ఎదురుచూశాను. పెద్దమ్మ మట్టి రోజున నేను బస్సు దిగి వెళ్ళేసరికి ప్రార్థన పాట అయిపోయింది, మట్టి కప్పుతున్నారు. లోపలి ఊళ్ళ ఆడవాళ్ళు చాలామంది వచ్చారు, వాళ్ళలో జోగమ్మ ఉందో లేదో నేను పోల్చుకోలేకపోయాను. అందరూ వెళ్ళాక నేనూ ఒక పిడికెడు మట్టి వేసి బస్టాండుకు వచ్చేశాను.